ఎవరి చేతిలో డబ్బు ఎప్పుడు ఆడుతుందో

మా నాన్నగారికి చుట్టుపక్కల ఊళ్ళలో ఏ తోటలో కొబ్బరి దింపు ఎప్పుడో తెలుసు. ఎవరి చేను ముందు కోతకొస్తుందో, ఎవరి గేదె ఈనిందో, ఎవరింట్లో పిల్లకి సంబంధం ఖాయమయ్యేదాకా వచ్చిందో కూడా తెలుసు. ఆయన రైతూ కాదు, పెళ్ళిళ్ళ పేరయ్యా కాదు. కోనసీమలో అంబాజీపేటకి దగ్గర్లో, ఓ మోస్తరు ఊళ్ళో, ఆయనది బట్టల కొట్టు.

ఇప్పుడు హైదరాబాదులో మా అబ్బాయి చేసే ఉద్యోగమే అది, జనాన్ని కొట్టుదాకా ఎలా రప్పించాలో చెప్పే ఉద్యోగం. వాడు ఫోన్లో పెద్ద పెద్ద లెక్కలు మాట్లాడుతుంటే నా మనసు మా కొట్లోకి వెళ్ళిపోతుంది. నాన్నగారికి ఉన్న లెక్క ఒక్కటే. ఎవరి చేతిలో డబ్బు ఎప్పుడు ఆడుతుందో మనకి తెలియాలి. ఆ రోజున వాళ్ళకి మనం గుర్తు రావాలి. చేతిలో ఏమీ లేని రోజున వాళ్ళు మన కొట్టు ముందు నుంచి తల తిప్పుకుని వెళ్ళే పరిస్థితి రానివ్వకూడదు. ఈ మూడోదే కష్టమనేవారు.

మా డెల్టాలో డబ్బు అందరికీ ఒకేసారి రాదు. వరి రైతుకి ఏడాదికి రెండుసార్లు. సార్వా, అంటే వానాకాలం పంట, కోసి, కుప్పలు నూర్చి, ధాన్యం మిల్లుకి తోలేసరికి సంక్రాంతి దగ్గర పడుతుంది. రెండో పంట దాళ్వా ఏప్రిల్‌కి ఒబ్బిడవుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవల్లో నీళ్ళు పారాకే ఈ లెక్క కుదిరిందని నాన్నగారికి గట్టి నమ్మకం. "మన గల్లాపెట్టె తాళంచెవి ధవళేశ్వరంలో ఉందిరా" అనేవారు. జూన్‌లో కాలవలు వదిలారని పేపర్లో చదివితే రైతుల కంటే ముందు ఆయనే సంబరపడేవారు.

కొబ్బరి వాళ్ళ తీరు వేరు. వాళ్ళకి రెండు నెలలకోసారి దింపు. కాయ అంబాజీపేట మార్కెట్‌కి చేరితే ఎంతో కొంత చేతిలో పడుతుంది. కాస్త ఓపికున్న వాళ్ళు కాయని అటకెక్కించి, లోపలి కొబ్బరి గుండుగా ఎండేదాకా ఉంచి కురిడీ చేసి, దసరా దీపావళికి ఉత్తరాది వ్యాపారులు అడిగినప్పుడు అమ్ముకుంటారు. ఊడ్పుల రోజుల్లో కూలికెళ్ళే ఆడవాళ్ళ చేతిలో నాలుగు రూపాయలుంటాయి. మేష్టార్లకి నెల మొదటి వారం. కొట్లో సరుకు సర్దడం కూడా ఈ లెక్కనే జరిగేది. ఊడ్పులప్పుడు పట్టు చీరలు వెనక బీరువాలోకి వెళ్ళిపోయేవి, గట్టి రంగుల నూలు చీరలు, తువ్వాళ్ళు ముందుకొచ్చేవి. ధనుర్మాసం వచ్చేసరికి పిల్లల గౌన్లు, పంచెల చాపులు. ద్వారపూడి వెళ్ళి సరుకు తెచ్చేటప్పుడు కూడా నాన్నగారు "ఏది బావుంది" అని కాదు, "ఏది ఎప్పుడు పోతుంది" అని చూసేవారు.

ఆషాఢంలో మాత్రం మా కొట్టు చల్లగా ఉండేది. ముహూర్తాలుండవు, రైతు డబ్బంతా చేలో ఉంటుంది. తానులన్నీ దింపి, దులిపి, కలరా ఉండలు వేసి మళ్ళీ సర్దడమే పని. తర్వాత తర్వాత ఆషాఢం తగ్గింపు ధరలొచ్చాయి. మనమూ పెడదామని అన్నయ్య అడిగితే నాన్నగారు ఒప్పుకోలేదు. "ఇవాళ తగ్గించి ఇస్తే, మొన్న మనల్ని నమ్మి కొన్నవాళ్ళ మొహం ఎలా చూస్తాం?" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ సబబుగానే తోస్తుంది.

ఆవర్జా పుస్తకంలో బాకీ రాసే పద్ధతి కూడా అలాగే ఉండేది. పేరు, ఊరు, పద్దు రాశాక, వాయిదా దగ్గర తారీఖు వేసేవారు కాదు. "సార్వాకి", "దాళ్వాకి", "దింపుకి" అని రాసేవారు. ఒక్కో చోట "పాలకేంద్రం డబ్బుకి" అని కూడా ఉండేది. తారీఖు పెడితే ఆ రోజు దాటగానే మనిషి బాకీదారు అయిపోతాడు. దింపుకి అని రాస్తే, దింపు పడేదాకా అతను బాకీ ఉన్నట్టే లెక్క కాదు. ఎదురుపడితే నాన్నగారు "ఏవండీ, కాయ ఎలా ఉంది ఈసారి?" అని అడిగేవారు, అంతే. ఆ ప్రశ్నలోనే అన్నీ ఉండేవి. అవతలి మనిషి "ఆయ్, పైవారం దింపేస్తున్నామండి" అనేవాడు.

ఇక కొట్లో. పెళ్ళి బట్టలకి వచ్చారంటే ఓ ఎడ్లబండి నిండా జనం. తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద ఆడవాళ్ళంతా కూర్చునేవారు, మగవాళ్ళు అరుగు మీద బెంచీలో.

"కొనేది లేదు తమ్ముడూ, ఊరికే చూసి పోదామని."

"చూడ్డానికే కదండీ అక్కయ్యగారూ కొట్టు పెట్టింది. ముందు కూర్చోండి. ఒరేయ్, సోడాలు పట్రా."

సోడా వచ్చేలోపల గుమస్తా చీరలు పరిచేవాడు. ఆయన్ని మేం మావయ్యా అనేవాళ్ళం. మడత మీద చెయ్యేసి ఒక్క విసురు విసిరితే చీర పరుపు మీద బారుగా తెరుచుకుని, సరిగ్గా పైట చెంగు పెళ్ళికూతురి ఒళ్ళో పడేది. నాన్నగారు మాత్రం చీరల వంక చూసేవారు కాదు, వాళ్ళ చేతుల వంక చూసేవారు. నోటితో "ఇది బావుంది, అది బావుంది" అని అందరూ అంటారు, చెయ్యి మాత్రం ఒక చీర దగ్గరికే రెండోసారి వెళుతుంది. అంచు పట్టుకుని, బొటనవేలితో రాసి చూసి, ధర గుర్తొచ్చి వదిలేస్తుంది. నాన్నగారు కళ్ళతో సైగ చేస్తే మావయ్య ఆ చీర తీసి పక్కన పెట్టేవాడు, ఏమీ అనేవాడు కాదు. గంటో రెండు గంటలో గడిచి, తలలు బరువెక్కి, ఎటూ తేలని వేళ అది మళ్ళీ బయటికొచ్చేది. "ఇది మీ అమ్మాయికి నచ్చిందండీ. లెక్క సంగతి తర్వాత చూసుకుందాం." ఆ పిల్ల మొహం అప్పుడు చూడాలి.

ఆ చీర మీద లాభం తగ్గించుకునేవారు, నాకు తెలుసు. దాంతో పాటు కొనే పంచెలు, కండువాలు, చుట్టాలకి పెట్టే పెట్టుబడి చీరలు, జాకెట్టు ముక్కల మీద సర్దుకునేది. పెళ్ళి సామానంతా కట్టాక పసుపు, కుంకుమ, ఓ జాకెట్టు ముక్క పైన పెట్టి పెద్దావిడ చేతికి ఇచ్చేవారు. అది లెక్కలోది కాదు. గజంబద్దతో గుడ్డ కొలిచేటప్పుడు కూడా కొలత అయ్యాక బెత్తెడు వదిలి అప్పుడు కత్తెర పెట్టేవారు. ఆ బెత్తెడు కోసమే మా దగ్గరికి వచ్చేవాళ్ళున్నారు. బెత్తెడు గుడ్డకి ఎంతవుతుంది? చిన్నపిల్లకి కుట్టించే జుబ్బాకి అది చేతులవుతుంది.

ప్రచారమంటే మాకు పెద్దగా తెలియదు. సినిమా హాలు వాళ్ళు రిక్షాకి మైకు కట్టి గులాబీ రంగు కరపత్రాలు చల్లుకుంటూ పోతే మేం వెనక పరిగెత్తేవాళ్ళం. మా కొట్టు పేరు మాత్రం పసుపు గుడ్డసంచి మీద ఉండేది. ఆ సంచి ఏ ఊరు వెళ్ళేదో చెప్పలేం. రాజమండ్రి బస్టాండులో, ఒకసారి అన్నవరం కొండ మీద, ఎవరి భుజానికో మా సంచి కనబడితే ఆ రోజంతా నేను గొప్పగా తిరిగాను. కొత్త సంవత్సరానికి శివకాశి నుంచి తెప్పించిన దేవుడి క్యాలెండరు. వేసవిలో కొట్టు ముందు తాటాకు పందిరి, తడిగుడ్డ చుట్టిన కుండలు, చలివేంద్రం. బస్సు కోసం నిలబడ్డ వాళ్ళందరికీ ఆ నీళ్ళే.

కనుమ నాడు జగ్గన్నతోట. మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియని వాళ్ళ కోసం రాస్తున్నాను. మొసలపల్లి దగ్గర కొబ్బరితోటలో జరిగే ప్రభల తీర్థం అది. గుడి లేదు. పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులు, వెదురుతో కట్టి రంగు గుడ్డలు చుట్టిన ప్రభల మీద వచ్చి అక్కడ కలుసుకుంటారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలవ దాటి రావాలి. పీకల్లోతు నీళ్ళలో భుజాల మీద ప్రభని ఒరిగిపోకుండా దాటిస్తుంటే గట్టు మీద జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్రం శకటం ఈ ప్రభల తీర్థమే. టీవీలో చూసి నేను లేచి నిలబడ్డాను.

ఆ ఒక్క రోజు కోసం ఎక్కడెక్కడి వ్యాపారులో వస్తారు. జీళ్ళు, కర్జూరం, చెరుకుగడలు, గాజులు, రంగులరాట్నం. ఎవరూ పిలవక్కర్లేదు, రుద్రులు పిలుస్తారు. పండక్కి అల్లుళ్ళకి, పిల్లలకి ఇచ్చిన డబ్బంతా ఆ పూట జేబుల్లోనే ఉంటుంది మరి. ప్రభకి చుట్టే రంగు గుడ్డలు మా ఊరికి నాన్నగారే ఇచ్చేవారు. మీటర్ల కొద్దీ పట్టేది. దాని మీద కొట్టు పేరు రాయించమని ఎవరో సలహా ఇస్తే, "దేవుడికి కట్టే గుడ్డ మీద నా పేరేంటండీ" అన్నారు. ఆ గుడ్డ ఎవరిచ్చారో ఊరందరికీ తెలుసు. తెలుసని ఆయనకీ తెలుసు. అందులో భక్తి ఎంత, వ్యాపారమెంత అని విడదీయడం నాకు చేతకాదు. రెండూ నిజమే అనుకుంటాను.

ఊరికి డబ్బు వచ్చే దారి మాత్రం వేరుగా ఉండేది. అది వేలం పాట. చెరువులో చేపల పాట, గుడి తోటలో కొబ్బరి ఫలసాయం పాట, సంత ఆశీలు పాట, మాన్యం కౌలు పాట. ఏటి ఒడ్డు ఊళ్ళకైతే రేవు పాట అన్నిటి కంటే పెద్దది, పంటు మీద దాటే ప్రతి మనిషీ, ప్రతి బండీ ఆ లెక్కలోకే వచ్చేవి. పాటకి ముందు ఊళ్ళో టముకు వేసేవారు. పాడేవాళ్ళు ధరావతు కట్టాలి. రావిచెట్టు కింద బల్ల వేసి, పంచాయతీ వారి పాట ఇంత అని చదివి, అక్కడి నుంచి మొదలు. "ఒకటోసారి... రెండోసారి..." అంటూ గుమస్తా గొంతు సాగదీస్తుంటే పిల్లలం కూడా నిశ్శబ్దంగా నిలబడేవాళ్ళం.

ఓ ఏడు చెరువు పాటలో ఎవరూ నోరు తెరవలేదు. పాడేవాళ్ళంతా ముందు రోజు రాత్రే కూర్చుని కుమ్మక్కయ్యారు. ఒకడి పేరు మీద అడుగు ధరకి కొట్టించుకుని, తర్వాత వాళ్ళలో వాళ్ళు పాడుకుందామని. రెండోసారి కూడా అనేశారు. అప్పుడు రిటైరైన హెడ్మాష్టారు ఒకాయన లేచి, "పాట ఆపండి. మన ఊళ్ళోనే టముకు వేస్తే ఎలా? చుట్టుపక్కల ఊళ్ళకి తెలియాలి కదా" అన్నారు. గొడవైంది. కాసేపటికి వాయిదా వేశారు. ఆ వారం నలుగురు కుర్రాళ్ళు సైకిళ్ళ మీద చేపల చెరువులున్న ఊళ్ళన్నీ తిరిగి చెప్పి వచ్చారు. పై వారం కొత్త మొహాలు ఓ ఇరవై దాకా వచ్చాయి. చెరువు ముందనుకున్న దానికి రెట్టింపు దాటి పోయింది. ఆ డబ్బుతో హైస్కూలుకి రెండు గదులు లేచాయి. అడిగేవాళ్ళు పెరిగితే ధర పెరుగుతుందని నేను పుస్తకంలో చదువుకోలేదు, ఆ రావిచెట్టు కింద చూశాను. ఆ కొత్త గదుల్లో ఒకదాంట్లోనే కూర్చుని పదో తరగతి చదివాను.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను మా వైపు వాళ్ళెవరూ మర్చిపోలేదు. తెల్లారి చూస్తే లక్షల్లో కొబ్బరిచెట్లు నేల మీద ఉన్నాయి. కొన్ని మొదలంటా లేచాయి, కొన్ని మధ్యకి విరిగాయి. సార్వా చేతికొచ్చే వేళ అది, చేలు నీళ్ళ కింద ఉన్నాయి. ఎంతమంది పోయారో లెక్క తెలియడానికే రోజులు పట్టింది. కొట్లోకీ నీళ్ళొచ్చాయి, కింది అరల్లో సరుకంతా పోయింది. నాన్నగారు దాని గురించి ఎక్కువ మాట్లాడలేదు. తడవని దుప్పట్లు, తువ్వాళ్ళు తీసి రెండు రోజులు పంచారు. మూడో రోజు ఆవర్జా తీసి పేజీలు తిప్పుతూ కూర్చున్నారు. "సార్వాకి", "దింపుకి". ఆ రెండు మాటలే పేజీ పేజీకీ. సార్వా లేదు. దింపు లేదు. దింపు మళ్ళీ ఎప్పుడు? కొత్త మొక్క పెడితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు.

అడక్కూడదని ఆయన ఆ రోజే నిర్ణయించుకున్నారు. అడగకుండా ఉండడానికి ఆయనకి సాయపడినవాళ్ళు ద్వారపూడి హోల్‌సేల్ వాళ్ళు. మేం వాళ్ళకివ్వాల్సింది కూడా చాలానే ఉంది. నాన్నగారు వెళ్ళి ఉన్నమాట చెప్పారు. "మీరు రావడమే చాలండీ, సరుకు తీసుకెళ్ళండి, సంక్రాంతి దాటాక చూద్దాం" అన్నారట. ఇంటికొచ్చి ఆ మాట అమ్మకి చెబుతూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ అప్పు తీర్చడానికి మాకు చాలా ఏళ్ళు పట్టింది. అమ్మ గాజులు రెండుసార్లు బ్యాంకుకి వెళ్ళొచ్చాయి.

మా బాకీల్లో కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. వచ్చినవి కొత్త దారిలో వచ్చాయి. తోటలు పోయిన ఇళ్ళలో నుంచి ఆడవాళ్ళు కువైట్‌కి, మస్కట్‌కి పనికి వెళ్ళారు. ఇంటి దగ్గర పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి వెళ్ళారు. వాళ్ళు పంపిన డ్రాఫ్టులతో పాత బాకీలు తీరాయి. కొన్నాళ్ళకి ఆవర్జాలో కొత్త మాట చేరింది, "డ్రాఫ్టుకి" అని. ఎడారిలో ఎవరింట్లోనో అంట్లు తోమి పంపిన డబ్బని నాన్నగారు ఆ నోట్లు విడిగా లెక్కపెట్టేవారు. అలా తీర్చిన కుటుంబాల్లో పెళ్ళయితే ఇప్పటికీ మా కొట్టుకే వస్తారు. మనవరాళ్ళ పెళ్ళిళ్ళు కూడా అవుతున్నాయి.

2002లో గోదావరి మీద ఎదుర్లంక యానాం వారధి వచ్చింది, లోక్‌సభ స్పీకరుగా చేసిన బాలయోగి గారి పేరు పెట్టారు. రేవు దగ్గర పంటు కోసం కాచుకునే అవస్థ పోయింది. కాకినాడ దగ్గరైంది, దాంతో బేరాలూ కాకినాడ వెళ్ళాయి. అద్దాల మేడలు, మెట్లెక్కించే యంత్రాలు, సినిమా తార వచ్చి రిబ్బను కత్తిరించడం. ఎవరినీ తప్పు పట్టను. ఆడపిల్లకి పది కొట్లు చూసే హక్కుంది. అన్నయ్య ఇప్పుడు కొట్టు నడుపుతున్నాడు. హైదరాబాదులో, అమెరికాలో ఉన్న మా ఊరి వాళ్ళకి వీడియో కాల్‌లో చీర పరిచి చూపిస్తాడు. సంక్రాంతికి ఎవరెవరు వస్తున్నారో డిసెంబరుకే కనుక్కుంటాడు. ఈ రోజుల్లో డబ్బు దిగేది రైల్లో, భోగికి రెండు రోజుల ముందు.

దారిన పోయేవాళ్ళని ఆపగలిగిన ఊళ్ళు బాగుపడ్డాయి. తాపేశ్వరం వాళ్ళు మడతకాజాతో సరిపెట్టుకోలేదు. ఖైరతాబాదు వినాయకుడి చేతిలో లడ్డూ మాదే అనిపించుకున్నారు, అది కాక 2016లో 29,465 కిలోల లడ్డూ చేసి గిన్నిస్‌లోకెక్కారు. ఎక్కడో హైదరాబాదులో దేవుడికి పెట్టిన లడ్డూ ఇక్కడ కాజా కొట్టుకి దారి చూపిస్తుంది. కడియం వాళ్ళు హైవే పొడుగునా పూలమొక్కలు పేర్చి కారు ఆగేలా చేస్తారు. వాడపల్లి వెంకన్న దగ్గర ఏడు శనివారాల ప్రదక్షిణలకి ఇప్పుడొచ్చే జనం నా చిన్నప్పుడు లేదు. వాళ్ళంతా ఆత్రేయపురం పూతరేకుల కొట్ల ముందు ఆగకుండా పోరు.

పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ బోర్డుల మీద కొట్ల పేర్లే ఉంటాయి, రేకు తీసే ఆడవాళ్ళ పేర్లుండవు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట. పలచటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగాలి. క్షణం ఆలస్యమైతే మాడుతుంది, తొందరపడితే చిరుగుతుంది. పొద్దుటి నుంచి ఆ సెగ ముందు కూర్చున్న చేతులవి. జనాన్ని రప్పిస్తున్నది ఆ చేతులు. రాబడిలో వాళ్ళ వాటా పెరగాలి, ఇది నేను గట్టిగానే అంటాను.

అందుకని నేను వెళ్ళినప్పుడు రోడ్డు మీద కొట్లో కొనను. లోపలి వీధిలో ఒకావిడ ఇంటి దగ్గరే చుట్టి ఇస్తుంది. "ఏ రోజు బయల్దేరుతున్నారు అన్నయ్యగారూ?" అని ముందే అడుగుతుంది, ఆ పొద్దుటే నెయ్యి రాసి చుడుతుంది, మెత్తబడకుండా. డబ్బులు ఆవిడ చేతికే ఇస్తాను. హైదరాబాదులో తిన్నవాళ్ళు ఎక్కడివని అడిగితే ఆవిడ దగ్గరికే పంపుతాను. మొన్న సంక్రాంతికి మా అపార్టుమెంట్ వాళ్ళు వెళితే, సరిపడా లేవని ఆవిడ వాళ్ళని పక్కింటి ఆవిడ దగ్గరికి పంపిందట.